ఇక డిక్టేషన్ చెప్పను

జూన్ 15, ఆదివారం

నిన్న ధర్మపురిలో సైన్స్ టీచర్లకి ట్రైనింగ్. విషయం: పిల్లలకు డిక్టేషన్ చెప్పకూడదు, చేయించి నేర్పాలి. ఈ సంగతిని మాకు పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా డిక్టేషన్ చెప్పారు. అందరం బుద్ధిగా రాసుకున్నాం. నా పక్కన కూర్చున్నావిడ వెనకబడిపోయి, నా నోట్సు చూసి కాపీ కొట్టింది.

పోనీ, మంచిమాట ఎవరు చెబితేనేం! తిరుగు బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. ఏడో తరగతికి ఇప్పుడు బలం, చలనం, సాధారణ యంత్రాల పాఠం. పుస్తకం తెరవకుండా చెబుతాను. అంటే చెప్పను. చేయిస్తాను.

నియమాలు:

నిర్వచనాలు బోర్డు మీద రాయను.
"పుస్తకం తీయండి" అనను.
ప్రశ్నలు, జవాబులు డిక్టేట్ చేయను. చచ్చినా చేయను.
ఎవరైనా "ఎందుకు టీచర్?" అంటే "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనను.
ఇంట్లో బట్టీ పట్టొద్దని గట్టిగా చెబుతాను.

నాలుగోది కొంచెం కష్టం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఉన్న అలవాటు.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నది భాషాభిమానం కొద్దీ అని ఎవరైనా అనుకుంటే సంతోషం. అసలు సంగతి వేరు. తమిళనాట ఈ పాపిరెడ్డిపట్టిలో మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు, కుప్పంలో అమ్మమ్మ దగ్గర పెరిగిన పుణ్యం. మా ఆయనకు తమిళ అక్షరాలు తప్ప రావు, మా అత్త మారమ్మకు ఏ అక్షరాలూ రావు. కాబట్టి డైరీని బల్ల మీద తెరిచి పడేసి పోవచ్చు. ఇందాక అత్త తొంగి చూసి, నేను రామకోటిలా నోటుపుస్తకం నిండా శ్రీరామజయం రాస్తున్నానని అనుకుంది.

"ఎన్ని రాసినావు ప్రియా?"

"ఇప్పుడే మొదులుపెట్టినా అత్తా."

అబద్ధమేమీ కాదు.

జూన్ 16, సోమవారం

ఘనవిజయం!!

ఏ. పళ్లిపట్టి జంక్షన్లో బస్సు దిగి, షేర్ ఆటోలో స్కూలు చేరేదాకా ఒకటే దడ. క్లాసులోకి వెళ్లగానే "పుస్తకాలు బ్యాగులో పెట్టండి" అన్నాను. తమిళ్‌సెల్వన్ అని మా క్లాసు మహానాయకుడు ఒకడున్నాడు. వాడు ముఖం వేలాడేసి "స్లిప్ టెస్టా టీచర్?" అన్నాడు. కాదు నాయనా, చదువు!

బెంచీలు తోయించాను. తాడు లాగించాను. తోయడం బలం, లాగడం బలం, అంతే పాఠం. ఒక్క ముక్క రాయలేదు. తాడు తెగి రెండు జట్లూ చెరో పక్కా కూలబడ్డాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సైన్స్ క్లాసులో నేను నవ్వడం వాళ్లు చూడటం ఇదే మొదటిసారి అట.

ఇలక్కియా అడిగింది. తెలుగు వీధి ఈశ్వరప్ప గారి అమ్మాయి. మాట మధ్యలో ఆగిపోయి పైకప్పు వైపు చూసే పిల్ల. పాఠం తమిళంలో జరిగినా, తెలుగు వీధి పిల్లలు బెల్లు కొట్టగానే నాతో తెలుగులోకి దిగుతారు.

"టీచర్, బెంచీ మీద అందరూ కూచున్నప్పుడు మేం ఎంత తోసినా కదల్లేదు. మరి మేం తోసిందంతా యాడికి పోయింది?"

ఆహా! ఇలాంటి ప్రశ్న కోసమే కదా ఇదంతా. "రేపు చూద్దాం" అన్నాను దర్జాగా. జవాబు అప్పటికప్పుడు తోచలేదన్నది వేరే విషయం.

హెడ్మాస్టర్ శివలింగం సార్ కిటికీలోంచి చూసి "ఏడో తరగతిలో గోల ఎక్కువగా ఉంది" అన్నారు. ఆయనకు తెలుగు రాదు, తమిళంలో అన్నారు. ఇకమీద ఆయన మాటలన్నీ నేనే తెలుగు చేసి రాస్తాను, వీలైనంత మర్యాదగా.

జూన్ 17, మంగళవారం

పాఠం: ఘర్షణ. సామగ్రి: ఇంటి నుంచి కొబ్బరినూనె సీసా. (అత్త తన తలకు వెతుక్కుంటోంది. చెప్పలేదు.)

వరండాలో సగం గచ్చు మీద నూనె పూయించాను. ఇటుక ఒకటి పొడి నేల మీద, ఒకటి నూనె మీద. తేడా చూడండి! చూశారు. బ్రహ్మాండంగా అర్థమైంది.

సరిగ్గా అప్పుడే సార్ హాజరు పట్టీ పట్టుకుని వరండాలోకి వచ్చారు. ఇటుక కంటే చాలా దూరం వెళ్లారు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఘర్షణ లేదు సార్!" అని అరిచారు. జవాబు సరైనదే. సార్ మాత్రం మెచ్చుకోలేదు.

సాయంత్రం అంతా కలిసి శీకాయపొడి వేసి వరండా కడిగాం. ఉత్సాహం తగ్గలేదు.

జూన్ 19, గురువారం

గిలక పాఠం. ఇలక్కియా వాళ్ల తోటలో బోరు పడ్డాక పాత బావి గిలక ఊరికే పడుందట, మోసుకొచ్చింది. పోయినేడు స్కూలు పందిరికి వాడిన నీలగిరి గుంజ ఒకటి గోడవారగా ఉంది. గేటు పక్కన గుంత తవ్వి అది పాతాలి. ఈ పిల్లలకు భిన్నాలు రావు గానీ గుంత తవ్వమంటే చూడాలి! గడ్డపార చేతికిచ్చి అటు తిరిగి ఇటు చూసేలోగా మోకాలి లోతు దిగింది.

మొదట స్కూలు బ్యాగు ఎత్తాం. తర్వాత రెండు బ్యాగులు. తర్వాత ఎవరి ఆలోచనో తెలియదు గానీ (తెలుసు) తమిళ్‌సెల్వన్‌ను ఎత్తాం.

సార్ వచ్చారు. "మేడం, నేల మీద ఉండవలసిన విద్యార్థి గాలిలో ఉన్నాడు" అన్నారు.

పరిశీలన కచ్చితంగా ఉంది. గుంజ పీకేయాలి, గిలక తిరిగి ఇచ్చేయాలి, గుంత పూడ్చేయాలి అని ఉత్తర్వు. రేపు చేయిస్తాను.

జూన్ 20, శుక్రవారం

గుంత పూడ్చే పని తమిళ్‌సెల్వన్ బృందానికి అప్పగించాను. అన్నం బెల్లు అయ్యేలోగా ముగించేశారు. ఎండుటాకులు, చెత్త, పైన అలంకారానికి కాస్త మట్టి. నేను చూశాను. "సరే, బాగుంది" అన్నాను. అందరం ఆకలి మీదున్నాం.

జూన్ 23, సోమవారం

ఈశ్వరప్ప గారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో పాత గిలక. మళ్లీ ఎవరూ తీసుకుపోకుండా వెంటేసుకుని తిరుగుతున్నారో ఏమో.

"టీచరమ్మా, మా ఇలక్కియా వారం నుంచి సదవడం ల్యా."

"చదువుతోందండీ. క్లాసులో ముందు లేచేది తన చెయ్యే."

"సదివితే ఇనపడల్ల గదా! మా వీధిలో ఏడో తరగతి పిల్లోళ్ల సత్తమే లేదు. ఏందిరా అంటే, బట్టీ వద్దని టీచర్ చెప్పినాది అంటారు. గిలక కట్టి పిలకాయల్ని ఎగరేసినారంట. దానికి ఈ బడి యాలమ్మా? మా తోటలో బావి ల్యాదా?"

ఇక్కడ ఒక సంగతి రాసి పెట్టాలి. ఈ ప్రాంతంలో చదువు చెవులతో కొలుస్తారు. దీపం పెట్టే వేళకు తండ్రి మంచం మీద కూర్చుని పుస్తకం చేత పట్టుకోవాలి, పిల్లలు ఎదురుగా నిలబడి ప్రశ్నాజవాబులు ఒప్పజెప్పాలి. పుస్తకం పట్టిన తండ్రికి ఆ అక్షరాలు వచ్చి తీరాలన్న రూలు లేదు. గుక్క తిప్పుకోకుండా చెబితే చదువు వచ్చినట్టు, మధ్యలో ఆగితే రానట్టు. ఎంత గట్టిగా అరిస్తే అంత మంచి స్కూలు. నేను బట్టీ వద్దన్నాను కాబట్టి, వీధి లెక్క ప్రకారం, నేను పాఠం చెప్పడం మానేశాను.

"వచ్చే నెల మొదుటి శుక్రవారం పెద్దోళ్ల మీటింగు ఉండాది గదా. ఆ పొద్దు అందరి ముందర మా పాప ఆగకుండా ఒప్పజెప్పల్ల. ల్యాదంటే ఆ సోమవారం నుంచే వేను ఎక్కిస్తా."

వేను అంటే పక్క ఊళ్లోని ప్రైవేటు స్కూలు వ్యాను. ఈశ్వరప్ప గారు మరవల్లి అనే కర్రపెండలం దుంప వేస్తే వీధంతా దుంపే వేస్తుంది, ఆయన పసుపు వేస్తే అందరూ పసుపే. ఆయన కూతురు వ్యాను ఎక్కితే మిగతా పిల్లలూ ఎక్కుతారు. సంఖ్య తగ్గితే ఒక టీచర్ ఎక్కువవుతుంది. అందరికంటే కొత్తగా వచ్చింది నేనే. నన్ను చిట్టేరి కొండల మీదికి పంపుతారు, అక్కడ వాలుతలాలకు కొదవ లేదు.

నా సంగతి అలా ఉంచు. ఇలక్కియా గేటు దగ్గర నిలబడి ఉంది.

"టీచర్, నేను వేను బడికి పోను. ఆడ ఎందుకు అని అడిగితే బెంచీ ఎక్కిస్తారంట. మా పెదనాయన కొడుకు చెప్పినాడు."

ఆ పిల్లకు ఒప్పజెప్పడం రాదు. ఇదీ చిక్కు. మరిచిపోయి కాదు ఆగేది, మధ్యలో ఏదో ఆలోచన వచ్చి ఆగుతుంది. వాళ్ల నాన్నకు రెండూ ఒకటే.

జూన్ 24, మంగళవారం

స్కూలు అయ్యాక తెలుగు వీధికి వెళ్లి స్వయంగా విన్నాను. ఆరో తరగతి ఇళ్లలో తిరుక్కురళ్ హోరు. ఎనిమిదో తరగతి ఇళ్లలో వేపనహళ్లి సంతంత గోల. మా ఏడో తరగతి ఇళ్లలో నిశ్శబ్దం. ఒక ఇంట్లో టీవీ సీరియల్ అత్తగారు ఏడుస్తోంది, అంతే.

ఒకావిడ చేట పక్కన పెట్టి నన్ను చూసి జాలిగా అడిగింది: "గొంతుకి ఏమన్నా జబ్బా టీచర్? పాఠం చెప్పేకి కావట్లేదంట గదా."

జూన్ 25, బుధవారం

ఈ రోజు నెంబుకోల్ మొదలుపెట్టాను. అంటే బరువు ఎత్తే మీట, మా ఇంట్లో దాని పేరు గడ్డపార. స్కేలు, రబ్బరు, డస్టరుతో చేసి చూపించాను. చివర్లో ఒకే ఒక్క నిర్వచనం ఇచ్చాను.

ఇది డిక్టేషన్ కాదు. నేను నెమ్మదిగా మాట్లాడాను, వాళ్లు పక్కనే పెన్నులున్నాయి కాబట్టి రాసుకున్నారు. ఒక్కో మాటా రెండేసి సార్లు చెప్పింది వెనక బెంచీకి వినబడాలని. ఫుల్‌స్టాప్ అన్నానా? అలవాటులో వచ్చి ఉంటుంది.

జూన్ 27, శుక్రవారం

ఇంకొన్ని నిర్వచనాలు ఇచ్చాను. పుస్తకం తీయమని మాత్రం అనలేదు. "బ్యాగులో ఉన్నది బల్ల మీద పెట్టండి" అన్నాను.

ప్రయోగాలు వచ్చే వారం. అయినా ఎండలు ఎక్కువగా ఉన్నాయి. తాడు తెగింది. గిలక లేదు. నూనె గురించి అత్తకు అనుమానం వచ్చింది. పరిస్థితులు అనుకూలించకపోతే ఎంతటివాళ్లయినా ఏం చేస్తారు?

జూన్ 30, సోమవారం

"పుస్తకం తీయండి!!"

అనేశాను. క్లాసంతా హమ్మయ్య అనుకుంది. తమిళ్‌సెల్వన్ ముఖంలో ఎంత ప్రశాంతత! పాత టీచర్ తిరిగొచ్చింది, లోకం మళ్లీ దారిలో పడింది.

బోర్డు నిండా ప్రశ్నాజవాబులు. పైగా పిల్లలు ఆగకుండా ఉండాలని నిర్వచనానికి బాణీ కట్టాను. తేరు లాగేటప్పుడు పాడే తీరులో, బల్ల మీద స్కేలుతో తాళం వేస్తూ. వాళ్లు పాడేది తమిళంలో, ఇక్కడ తెలుగులో ఇలా ఉంటుంది:

"బరువుకు దగ్గరగా ఆధారం పెట్టి, ఆధారానికి దూరంగా బలం వేసి, కొంచెం బలంతో గొప్ప బరువు ఎత్తునదే నెంబుకోల్, నెంబుకోల్!"

చివరి మాట రెండుసార్లు. అది నా సొంత కల్పన. సాయంత్రం వీధి దద్దరిల్లిందట. పాలు పోసే అతను దారిలో ఆపి మరీ దండం పెట్టాడు.

నా గొంతు పోయింది. అత్త మిరియాల కషాయం కాచి ఇచ్చి, "ఇప్పుడు టీచర్ మాదిరి ఉండావు" అంది.

నియమాల్లో మిగిలింది నాలుగోది ఒక్కటే. దాన్ని కాపాడుకుంటాను.

జూలై 2, బుధవారం

ఇలక్కియాను ఒక్కదాన్నే నిలబెట్టి సాధన చేయించాను. "బరువుకు దగ్గరగా..." అని ఆగింది. పైకప్పు చూసింది.

"ఎంత దగ్గరగా టీచర్?"

"ముందు చెప్పెయ్. తర్వాత ఆలోచిద్దాం."

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ. నా గొంతు బొంగురుపోయింది, శుక్రవారం నెత్తి మీద ఉంది.

"ఎంత దగ్గరగా అని ఉండదా టీచర్ పుస్తకంలో?"

"అది సిలబస్‌లో లేదు. కూర్చో."

కూర్చుంది. మిగతా పీరియడ్ అంతా డెస్కు మీద గోటితో గీస్తూ కూర్చుంది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బాధగా ఉంది. ఆ పిల్ల వ్యాను స్కూలుకు ఎందుకు పోనన్నదో ఆ పనే నేను ఇక్కడ, ఉచితంగా, చేసి పెట్టాను.

జూలై 4, శుక్రవారం

పొద్దున గట్టి వాన. మధ్యాహ్నం మీటింగు. ఈశ్వరప్ప గారు మామిడికాయల ట్రాక్టరుతోనే వచ్చారు. ట్రైలర్ నిండా బెంగళూరా కాయలు, ఇటునుంచి ఇటే గుజ్జు ఫ్యాక్టరీకి. ట్రాక్టరును గేటు పక్కన గోడవారగా నిలిపారు.

తల్లిదండ్రులు వరండాలో కూర్చున్నారు. క్లాసంతా కలిసి నెంబుకోల్ పాడింది. పెంకులు లేచిపోతాయేమో అనిపించింది. శివలింగం సార్ కళ్లు మూసుకుని తల ఊపారు. ఒక తాత చప్పట్లు కొట్టాడు.

అప్పుడు ఈశ్వరప్ప గారు లేచారు. "సరి, గుంపులో ఎవురైనా చెప్తారు. మా పాప ఒక్కతే చెప్పల్ల."

ఇలక్కియా ముందుకొచ్చింది. నేను లోపల మొక్కని దేవుడు లేడు. అధియమాన్‌కోట్టై కాలభైరవుడికి గుమ్మడికాయ దీపం కూడా మొక్కాను.

"బరువుకు దగ్గరగా..."

ఆగింది.

నేను పెదవులు కదిపి అందిస్తున్నాను. ఆ పిల్ల నన్ను చూడటం లేదు. పైకప్పు చూస్తోంది. తర్వాత మెల్లగా, నాతో కాదు, తనలో తనే అన్నట్టు, "ఎంత దగ్గరగా?" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఈశ్వరప్ప గారి ముఖం మాడిపోయింది. తుండు దులిపి భుజాన వేసుకున్నారు. "చాలు పా. సోమవారం నుంచి వేను." గేటు వైపు నడిచారు. ఇలక్కియా కళ్లనిండా నీళ్లు. నేను కూర్చోమన్న రోజే ఈ పిల్ల ఓడిపోయింది, ఇవాళ అందరి ముందూ మళ్లీ ఓడించాను.

ట్రాక్టరు స్టార్ట్ అయ్యింది. ఒక్క అడుగు కదిలింది. "దబ్" మని చప్పుడు.

ట్రైలర్ ఎడమ చక్రం భూమిలోకి దిగిపోయింది. గేటు పక్కన. గోడవారగా. మోకాలి లోతు.

నేను తమిళ్‌సెల్వన్ వైపు చూశాను. వాడు ఆకాశం వైపు చూశాడు. ఎండుటాకులు, చెత్త, పైన అలంకారానికి కాస్త మట్టి. నా చేయించి నేర్పే విధానంలో ఇప్పటిదాకా నిలిచింది ఆ గుంత ఒక్కటే.

ట్రైలర్ ఒక పక్కకు ఒరిగింది. కాయలు దొర్లి పడుతున్నాయి. ఇంజను అరిచింది, చక్రం ఇంకా దిగింది. మీటింగుకు వచ్చిన మగవాళ్లందరూ తోశారు. కదల్లేదు. ఎవరో గోడవార ఉన్న నీలగిరి గుంజ తెచ్చారు, ఇంకెవరో పాత పొయ్యి రాయి దొర్లించుకొచ్చారు. గుంజ కొన ఇరుసు కింద దూర్చారు. రాయిని తమకు అందుబాటుగా, కాళ్ల దగ్గర పెట్టుకుని గుంజ మీద పడ్డారు. గుంజ వంగింది, ఇరుసు కదల్లేదు.

సార్‌కి ఉత్సాహం వచ్చింది. "పిల్లలూ! ఇదే నెంబుకోల్! చెప్పండి!"

పిల్లలు అందుకున్నారు. "బరువుకు దగ్గరగా ఆధారం పెట్టి..." మగవాళ్లు ఆ తాళానికే తొక్కుతున్నారు. ఊరంతా కలిసి బరువుకు దగ్గరగా, బరువుకు దగ్గరగా అని అరుస్తోంది, రాయేమో బరువుకు దూరంగా వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. ఒక్కరికైనా తట్టాలి కదా! పాట దారి పాటది, ఎత్తుడు దారి ఎత్తుడిది. ఈ చదువు చెప్పింది నేనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను.

నేను అరవబోయాను, గొంతు రాలేదు. కషాయంతో గొంతు బాగుపడుతుందని ఎవరన్నారో.

అప్పుడు చూశాను. ఇలక్కియా మనుషుల కాళ్ల సందులోంచి దూరింది. ఏడుస్తూనే ఉంది. రెండు చేతులూ రాయికి ఆనించి, కాలు వెనక్కి తన్నిపెట్టి, చక్రం వైపు నెట్టింది. కొంచెం. ఆగింది, గుంజ వైపు చూసింది, ఇంకొంచెం నెట్టింది.

"ఏయ్, అడ్డం రావద్దు! నలిగిపోతావు!" ఈశ్వరప్ప గారు చెయ్యి పట్టి ఇవతలికి లాగారు.

"...గొప్ప బరువు ఎత్తునదే నెంబుకోల్, నెంబుకోల్!"

రెండో నెంబుకోల్ దగ్గర ఇరుసు లేచింది. చక్రం కింద ఇటుకలు తోశారు. ట్రాక్టరు ఒక్క లాగు లాగింది, ట్రైలర్ బయటపడింది. ఈలలు, కేకలు. ఆడవాళ్లు కాయలు ఏరుతూ, రెండేసి కొంగులో వేసుకుంటూ.

ఈశ్వరప్ప గారు నా దగ్గరికి వచ్చారు. ఒళ్లంతా బురద, ముఖమంతా వెలుగు.

"చూస్తిరా టీచరమ్మా! పిల్లోళ్లు గట్టిగా చెప్పేకొద్దీ బండి లేసె! సదువంటే అట్ల ఇనపడల్ల!"

"అది కాదండీ. మీ అమ్మాయి రాయి దగ్గరికి జరిపింది. అందుకే లేచింది." నా గొంతులో గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులతో చూపించాను. ఆయనకు అర్థమైంది వేరు.

"అవునమ్మా, అడ్డమొచ్చె. ఆడపిల్ల, కాలు నలిగింటే ఏం గతి? నేనే లాగేస్తి." తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి, "దీనికి ఒక్కతికి చెప్పేకి రాదు, భయం. గుంపులో ఉంటే అదే వస్తాది. ఈడే ఉండనీ. అయితే పొద్దు గూకినాక సత్తం మాత్రం ఇనపడల్ల!"

ఇక్కడే ఉంటుంది! తప్పు కారణానికి, తప్పు లెక్కతో. అయితేనేం, ఉంటుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాను.

జూలై 5, శనివారం

సార్ ఫోన్ చేశారు. నిన్నటి సంగతి పైవాళ్లకు రాసి పంపారట. నా బోధనా పద్ధతి వాళ్లకు నచ్చిందట. తర్వాతి ట్రైనింగ్‌లో నేనే మాట్లాడాలట. విషయం: చేయించి నేర్పడం ఎలా. వచ్చినవాళ్లు రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా చెప్పమన్నారు.

గుంత సంగతి ఎవరూ అడగలేదు. ఆ విషయంలో తమిళ్‌సెల్వన్‌తో నాకు మాటల్లేని ఒప్పందం కుదిరింది.

జూలై 6, ఆదివారం

పొద్దున గుమ్మం ముందు ఇలక్కియా. వాళ్ల నాన్న వెనక టీవీఎస్ మీద వచ్చింది, చేతిలో సంచీ నిండా బెంగళూరా కాయలు. ఆయన మా ఆయనతో మాట్లాడుతుంటే ఈ పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"టీచర్, ఆ పొద్దు అందరూ గుంజని నడుము కాడి నుంచి నేల దాకా తొక్కినారు గదా. చక్రం జానెడే లేసె. మిగతా తొక్కిందంతా యాడికి పోయింది?"

అదే ప్రశ్న. బెంచీల నాటి ప్రశ్నే, కాస్త పెరిగి వచ్చింది. నేను కూర్చోమన్నా ఆ ప్రశ్న కూర్చోలేదు. వాళ్ల నాన్న చెయ్యి పట్టి లాగినా పోలేదు.

ఈసారి జవాబు నాకు తెలుసు. రెండు వాక్యాలు. తాళం కూడా కుదురుతుంది. నోటి చివరి దాకా వచ్చింది.

మింగేశాను.

"నాకు చెప్పడం ఇష్టం లేదు. రేపు గుంజ తీద్దాం. రాయి ఒకసారి దగ్గర పెట్టి, ఒకసారి దూరం పెట్టి, నువ్వే కొలువు."

"సార్ తిట్టరా?"

"తిడతారు."

ఆ పిల్ల నవ్వింది. ఈ మూడు వారాల్లో నేను సరిగ్గా చెప్పిన జవాబు అదొక్కటే.

వాళ్లు వెళ్లాక డైరీ తీశాను. కొత్త పేజీ.

నియమాలు:

డిక్టేషన్ చెప్పను. (సాయంత్రం పాట ఉంటుంది. వీధి కోసం. అది లెక్కలోకి రాదు.)
"అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనను. దీనికి మాత్రం మినహాయింపు లేదు.
గుంతలు నేనే దగ్గరుండి పూడ్పిస్తాను.

అత్త మామిడికాయ కోస్తూ వచ్చి వెనక నిలబడింది. తల నుంచి కొబ్బరినూనె వాసన, కొత్త సీసా కొన్నట్టుంది. నోటుపుస్తకం వైపు భక్తిగా చూసింది.

"శ్రీరామజయం ఎందాక వచ్చినాది ప్రియా?"

"లెక్క తప్పినా అత్తా. మళ్లీ మొదుటి నుంచి రాస్తాండా."